ప్రశ్నలు–జవాబులు: షిఫ్టు మారినా ప్రార్థన తప్పకుండా

ప్రశ్న: రాయగడలో పేపర్ మిల్లులో పని. వారం వారం షిఫ్టు మారుతుంది. పొద్దున 5 గంటలకు ప్రార్థన చేయాలని ఎన్నిసార్లు అనుకున్నా నైట్ డ్యూటీ వారంలో తప్పిపోతోంది. ఒకసారి తప్పితే మళ్లీ నెల దాకా కుదరట్లేదు.

జవాబు: ముడి గడియారానికి వేశారు, అందుకే ఊడిపోతోంది. ఏ షిఫ్టయినా నిద్ర లేవడం, అన్నం తినడం, పడుకోవడం మాత్రం ఉంటాయి కదా, ప్రార్థనను వాటికి కట్టండి. యేసు చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది, కొండమీద రాత్రంతా గడిపాడని లూకా 6:12లో ఉంది. కీర్తన 55:17లో సాయంకాలమే ముందు వస్తుంది, ఎందుకంటే యూదులకు పొద్దుగూకడంతోనే కొత్త రోజు మొదలు. నైట్ డ్యూటీవారికి ఇది బాగానే నప్పుతుంది!

లేచి ముఖం కడుక్కున్నాక, ఫోను ముట్టకముందే 10 నిమిషాలు చాలు. 119వ కీర్తనలో 8 వచనాల చొప్పున 22 భాగాలున్నాయి. రోజుకో భాగం పైకి చదవండి, మూడు షిఫ్టులూ ఒక చుట్టు తిరిగేసరికి కీర్తన దాదాపు పూర్తవుతుంది. దీనికి 2 నిమిషాలు. తర్వాత 2 నిమిషాలు పాపపు ఒప్పుకోలు, 2 నిమిషాలు కృతజ్ఞత, మిగతా 4 నిమిషాలు విజ్ఞాపన, అంటే ఇతరుల కోసం వేడుకోవడం, అదీ పేరుపేరునా. మొదటి రోజే గంటసేపు కూర్చుంటే నాలుగో రోజుకి ఆగిపోతుంది.

నైట్ డ్యూటీ నుంచి వచ్చి తిన్నాక మోకరిస్తే కునుకు ఖాయం. తినకముందే, నిలబడి చేయండి. మార్కు 11:25లో ప్రభువు చెప్పింది నిలబడి ప్రార్థించేవాళ్ల గురించే. ఒకరోజు తప్పితే మర్నాడు రెండింతలు చేసి బాకీ తీర్చాలనుకోవద్దు. ఆ బాకీ పెరిగే కొద్దీ మొహం చాటేయాలనిపిస్తుంది. మళ్లీ ఏ రోజు కూర్చుంటే ఆ రోజు భాగంతోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కుటుంబ ప్రార్థన 45 నిమిషాలు పడుతుంది. పిల్లలు ఒడియా మీడియం, తెలుగు బైబిలు కూడబలుక్కుంటారు, మధ్యలోనే నిద్రపోతారు.

జవాబు: అమ్మా, 45 నిమిషాలు పెద్దవాళ్లకే కష్టం. 15 చాలు, అదీ రాత్రి భోజనానికి ముందు. పాటలో రెండు చరణాలు, 6 నుంచి 8 వచనాలు, తర్వాత ప్రార్థన. వచనాలు మీరు తెలుగులో చదవండి, అవే పిల్లలు ఒడియా బైబిల్లో చదువుతారు. "ఎడతెగక" లాంటి గ్రాంథికం మాట వస్తే "మానకుండా" అని అక్కడే చెప్పేయండి. ఒక్కొక్కరూ ఒక్క వాక్యమైనా సొంతంగా ప్రార్థించాలి, "రేపు లెక్కల పరీక్షకు సాయం చెయ్యి ప్రభువా" అన్నా చాలు. "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలయ్యే పరలోక ప్రార్థన వారానికో విన్నపం చొప్పున నేర్పండి.

ఇంకో మాట. "ప్రభువా, చెప్పిన మాట వినని ఈ పిల్లాడికి బుద్ధి దయచేయి" అని వాడు పక్కనుండగా ప్రార్థించకండి. పిల్లాడికది ప్రార్థనలా వినపడదు, దేవుడికి చాడీలు చెప్పినట్టుంటుంది. అలాంటివి మత్తయి 6:6 ప్రకారం గదిలో, తలుపు వేసుకుని.

ప్రశ్న: బల్లార్షా నుంచి. కళ్లు మూసుకోగానే మనసు ఎక్కడెక్కడికో పోతోంది.

జవాబు: లోపల్లోపల కాకుండా, మీకు వినపడేంత గొంతుతో ప్రార్థించండి. పక్కన కాగితం, పెన్ను ఉంచుకోండి. గ్యాస్ బుక్ చేయాలని గుర్తొస్తే "గ్యాస్" అని రాసి పడేసి, ఎవరి కోసం ప్రార్థిస్తూ ఆగారో ఆ పేరు నుంచే మళ్లీ అందుకోండి.