టెక్ సందేహాలు: స్కోపు తిప్పే ముందు పది రౌండ్లు

ప్రశ్న: సార్, పోటీలకు వెళ్దామని లైసెన్సు తీసుకుని పాయింట్ టూటూ (0.22 అంగుళాల గుండు) బోల్ట్ యాక్షన్ రైఫిలు, దానిమీద బిగించి గురి చూసే స్కోపు కొన్నాను. 50 మీటర్ల దూరంలో మూడేసి రౌండ్లు కాలిస్తే ఒకసారి 15 మిల్లీమీటర్లలో పడతాయి, ఇంకోసారి 40 దాటతాయి. ప్రతిసారీ స్కోపు తిప్పి సరిచేస్తున్నా. గ్రూపు, అంటే గుళ్లు ఎంత మేర చెదిరాయో, కొలిచే యాప్ కూడా ఫోన్‌లో వేసుకున్నా. లోపం రైఫిల్లోనా, నాలోనా?
- ఒంగోలు పాఠకుడు

ముందు స్కోపు మీద నుంచి చెయ్యి తీయండి. మీరు చెప్పిన 15, 40 రెండూ ఒకే రైఫిలు, ఏ మార్పూ లేకుండా ఇవ్వగల అంకెలే. మూడు రౌండ్లకు అంత ఊగిసలాట సహజం. మూడింటికి సగటున 25 మిల్లీమీటర్లు వచ్చే రైఫిలు, అవే తూటాలతో పది కాలిస్తే సగటున 40 చూపిస్తుంది. అంతమాత్రాన అది చెడిపోయినట్టు కాదు, రౌండ్లు పెరిగేకొద్దీ గ్రూపు విస్తరిస్తుంది. అందుకే మూడు రౌండ్ల చిన్న గ్రూపు ఫొటో చూసి ఏ తుపాకీనీ నమ్మకండి.

ఇక స్కోపు సంగతి. క్లిక్కుకు పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అయితే 50 మీటర్ల దగ్గర గురి 3.6 మిల్లీమీటర్లు జరుగుతుంది. మీ రైఫిలు లాంటిదానికి మూడు రౌండ్ల మధ్యబిందువే అటూ ఇటూ ఆరేడు మిల్లీమీటర్లు తేడా రావచ్చు. అంటే ఇన్నాళ్లూ మీరు రెండేసి క్లిక్కులు తిప్పి సరిచేసింది లోపాన్ని కాదు, యాదృచ్ఛికాన్ని. పది రౌండ్లు ఒకే కాగితం మీద కాల్చి, వాటి మధ్యబిందువు చూసి, ఒక్కసారి తిప్పండి.

ఆ పది కాల్చేటప్పుడు మీ చేతుల వణుకు లెక్కలోకి రాకూడదు. బల్ల కదలకూడదు. చీమకుర్తి గ్రానైట్ పలక మీ పక్కనే దొరుకుతుంది, సిమెంటు దిమ్మ మీద అది వేస్తే అంతకన్నా గట్టి బల్ల ఉండదు. పాత జీన్స్ కాళ్లు కత్తిరించి, ఇసుక జల్లెడ పట్టి నింపి కుట్టేయండి. ఒకటి రైఫిలు కట్టె (బారెల్‌ను మోసే పిడి భాగం) ముందు కొస కింద, ఇంకోటి భుజానికి ఆనే వెనక కొస కింద. బారెల్ మాత్రం సంచిని తాకకూడదు.

కాల్చకముందే తనిఖీ చేయాల్సినవి రెండున్నాయి. బోల్టు బయటికి తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కళ్లారా చూశాకే మొదలుపెట్టండి. స్కోపు రింగుల మరలు, కట్టెను బోల్టు ఉండే లోహ భాగమైన యాక్షన్‌కు పట్టి ఉంచే మరలు తయారీదారు చెప్పిన బిగువులో ఉన్నాయా చూడండి. కొత్త రైఫిల్లో ఇవి వదులవడం మామూలే. తర్వాత, మీది బారెల్ కట్టెకు తగలకుండా చేసిన మోడల్ అయితే, బారెల్ కింద ఒక పదిరూపాయల నోటు దూర్చి వెనక్కి లాగండి. నెల్లూరులో మిత్రుడి రైఫిలుకు ఇలాగే చేస్తే, సాఫీగా జారుతున్న నోటు సరిగ్గా ముందు కొస దగ్గర పట్టేసింది. నవంబరు వానల తేమకు చెక్క ఉబ్బి ఒకవైపు బారెల్‌ను నెడుతోంది. మనవైపు ఈశాన్య రుతుపవనాల నెలల్లో చెక్క కట్టె ఉన్నవాళ్లందరూ ఇది చూసుకోవాలి. అక్కడ సన్నటి గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ వార్నిష్ పూస్తే సరిపోయింది.

అసలు మెరుగు వచ్చేది మాత్రం తూటాలతోనే. ఒకే ధర, ఒకే వేగం ఉన్న రెండు రకాలు ఒకే బారెల్లో పూర్తిగా వేరుగా ప్రవర్తిస్తాయి. మూడు నాలుగు రకాల 50 రౌండ్ల డబ్బాలు తెచ్చుకోండి. రకం మార్చినప్పుడల్లా మొదటి 10, 15 రౌండ్లు లెక్కలోకి తీసుకోకండి, సీసం మీద పూసిన మైనం బారెల్లో పరుచుకోవాలి. సెకనుకు 325 మీటర్ల దరిదాపు స్టాండర్డ్ వేగం ఎంచుకోండి, అది ధ్వని వేగం కన్నా తక్కువ. హై వెలాసిటీ రకాలు ధ్వని కన్నా వేగంగా బయల్దేరి, దారిలో ఆ గీత దాటి కిందికి దిగుతూ తడబడతాయి. గుళ్లు నిలువుగా చెదిరితే వేగంలో తేడాలను అనుమానించండి. సెకనుకు 10 మీటర్ల తేడా 50 మీటర్ల దగ్గర ఏడెనిమిది మిల్లీమీటర్లు కిందికో పైకో తెస్తుంది. అడ్డంగా చెదిరితే ముందుగా గాలిని. సెకనుకు నాలుగున్నర మీటర్ల అడ్డగాలి గుండును సుమారు 25 మిల్లీమీటర్లు పక్కకు తోస్తుంది. ఒంగోల్లో ఎండెక్కాక సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే కాల్చండి.

యాప్ మంచిదే, కానీ ఫోను వంచి తీస్తే వృత్తం కోడిగుడ్డవుతుంది, అంకె తప్పుతుంది. కాగితానికి సమాంతరంగా పట్టి, పక్కన స్టీలు స్కేలు పెట్టి తీయండి.

ఒక్క మాట: లైసెన్సు ఉంది కదా అని పొలంలోనో, సముద్రం ఒడ్డునో పరీక్షించకండి. ఈ చిన్న తూటా కిలోమీటరుకు పైగా పోతుంది. రేంజిలోనే కాల్చాలి.

ప్రశ్న: స్కోపులో చూస్తూ తల కాస్త కదిపితే టార్గెట్ మీద గీతలు జరుగుతున్నాయి. స్కోపు పాడైందా?
- కావలి పాఠకుడు

పాడవలేదు, అది పారలాక్స్. స్కోపు కుదిర్చిన దూరం, టార్గెట్ దూరం కలవకపోతే గీతలు అలా జరుగుతాయి. పెద్ద రైఫిళ్ల స్కోపులు చాలావరకు 100 గజాలకు, పాయింట్ టూటూ స్కోపులు 50 గజాలకు కుదిర్చి వస్తాయి. మీరూ 50 మీటర్లకు కాలుస్తుంటే మీది మొదటి రకం అయ్యుండాలి. పక్కన సర్దుకునే గుబ్బ ఉంటే, ఖాళీ రైఫిలు సంచుల మీద పెట్టి, తల కదిపినా గీతలు కదలని చోటు దాకా తిప్పండి. గుబ్బ లేకపోతే ప్రతిసారీ చెంప కట్టె మీద ఒకే చోట ఆనేలా అక్కడ టేపు ముక్క అంటించుకోండి.