మెత్తని కస్తూరి పరిమళమే వాడుతున్నా మెడ ఎందుకు నల్లబడుతోంది?

ప్రశ్న: నా వయసు 32 ఏళ్లు. ప్రొద్దుటూరులో బంగారు అంగడిలో సేల్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. కొనడానికి వచ్చినవాళ్లతో రోజంతా దగ్గరగా నిలబడి మాట్లాడాల్సిన పని కాబట్టి, ఎవరికీ ఇబ్బంది కలగకుండా ఘాటు లేని మస్క్ (కస్తూరి) పర్ఫ్యూమ్ ఏడాదిగా వాడుతున్నాను. ఉదయం మెడకు రెండు వైపులా కొట్టుకుంటాను. మధ్యాహ్నానికి వాసన తెలియడం లేదని మళ్లీ కొట్టుకుంటాను. మూడు నెలలుగా అక్కడ దురదగా ఉండి, చర్మం నల్లబడుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. పర్ఫ్యూమ్ వారం రోజులు మానేసినా తేడా లేదు. అత్తరుకు మారితే మంచిదా? మా నాన్నగారికి ఉబ్బసం ఉంది. ఆయనకు దీనివల్ల ఇబ్బంది ఉంటుందా?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ మెడను చూడకుండా రోగ నిర్ధారణ చేయలేను కానీ, మీరు రాసిన తీరునుబట్టి ఇది పరిమళ ద్రవ్యాలు పడక వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్ కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. వాసన మెత్తగా ఉంటే చర్మానికీ మెత్తగానే ఉంటుందని చాలామంది నమ్ముతారు. వాసన ఘాటును కొలిచేది ముక్కు. సీసాలో కలిపిన రసాయనాలు పడతాయో పడవో తేల్చుకునేది చర్మం. ఈ రెండింటికీ పొంతన ఉండాలన్న నియమం లేదు.

కస్తూరి, పునుగు, జవ్వాజి మన పూజలకూ పాటలకూ కొత్త కావు. అయితే మీ సీసాలో ఉన్నది కస్తూరి మృగం నుంచి తీసినది కాదు. ఆ జంతువుకు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఇప్పుడు అంగళ్లలో మస్క్ పేరుతో దొరికేవి దాదాపు అన్నీ కృత్రిమంగా తయారైన రసాయనాలే. 1888లో ఆల్బర్ట్ బావర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థాల మీద ప్రయోగాలు చేస్తుండగా కస్తూరి వాసన గల పదార్థం అనుకోకుండా చేతికందింది. అక్కడి నుంచే ఈ కృత్రిమ కస్తూరుల కథ మొదలైంది. ఆ కుటుంబానికే చెందిన మస్క్ ఆంబ్రెట్ అనే పదార్థం, గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్లలో వాడిన రోజుల్లో, ఎండ తగిలిన చోట ఎందరో మగవాళ్లకు అలర్జీ తెచ్చిపెట్టింది. ఐరోపా సమాఖ్య 1995లో సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించింది. ఇప్పటి మస్క్ రకాలు అలర్జీ కలిగించడం తక్కువే. చాలాసార్లు అసలు కారణం వాటికి తోడుగా కలిపే నిమ్మ, నారింజ, లావెండర్ జాతి పరిమళాల్లో ఉంటుంది. వాటిలోని లిమొనీన్, లినలూల్ అనే పదార్థాలకు గాలి తగిలి, రోజులు గడిచేకొద్దీ అలర్జీ కలిగించే గుణం పెరుగుతుంది. సగం వాడి, బండి డిక్కీలో వేసవంతా ఉంచిన సీసాను మళ్లీ తీసి వాడవద్దని నేను చెప్పేది ఇందుకే.

మధ్యాహ్నానికి వాసన తెలియడం లేదన్న మీ మాటను ప్రత్యేకంగా పట్టించుకోవాలి. నిమ్మజాతి వాసనలు అరగంటలో ఎగిరిపోతాయి; కస్తూరి అణువులు పెద్దవి, బరువైనవి కాబట్టి నెమ్మదిగా ఆవిరవుతూ గంటల తరబడి ఒంటినీ బట్టలనూ అంటిపెట్టుకుని ఉంటాయి. ఒకే వాసనను అదేపనిగా పీలుస్తున్న ముక్కు కాసేపటికి దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. పైగా కొన్ని రకాల మస్క్‌ను పుట్టుకతోనే పసిగట్టలేని ముక్కులున్నవాళ్లు మనలో తక్కువేమీ కాదు. మీకు తెలియకపోయినా ఎదుట నిలబడినవారికి తెలుస్తూనే ఉంటుంది. వాసన పోయిందనుకుని మీరు రెండోసారి కొట్టుకున్నప్పుడల్లా, చర్మం మీద అప్పటికే ఉన్న మోతాదుకు మరో మోతాదు చేరుతోంది. ఏడాదిగా జరుగుతున్నది ఇదే.

దీనికి మన ఎండ తోడవుతుంది. కిందటి వేసవిలో ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చిన ఒక యువకుడి మెడ మీద, చెవి కింద మొదలై చుక్క జారినట్టు కిందికి దిగిన గోధుమరంగు చార కనిపించింది. అది సరిగ్గా చొక్కా కాలరు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. కాలరు కింద, ఎండ పడని చోట, చర్మం మామూలుగానే ఉంది. పరిమళ ద్రవ్యం కారిన చోట ఎండ తగిలితే వచ్చే మచ్చ ఇలాగే ఉంటుంది. బెర్గమాట్ అనే నిమ్మజాతి నూనెలోని ఒక పదార్థం దీనికి ప్రసిద్ధమైన కారణం. పేరున్న తయారీదారులు ఆ పదార్థాన్ని తొలగించిన నూనెనే వాడుతున్నారు. పేరూ వివరమూ లేని సీసాల విషయంలో ఆ భరోసా ఇవ్వలేం. ఎండ ప్రమేయం లేకుండా కూడా, అలర్జీ వల్ల లోలోపల సాగే వాపు మన చామనఛాయ చర్మంలో ఎరుపుగా కాక నేరుగా నలుపుగానే బయటపడుతుంది.

వారం మానేసినా తగ్గలేదంటే కారణం పర్ఫ్యూమ్ కాదని అర్థం కాదు. అలర్జీ చల్లారడానికే రెండు మూడు వారాలు, నలుపు పలచబడటానికి నెలలు పడుతుంది. ఆ వారంలో మీరు వాసన సబ్బు, టాల్కం పౌడరు, షేవింగ్ లోషన్, తలనూనె వాడుతూనే ఉండి ఉంటారు. వాటిలోనూ ఇవే పరిమళాలు ఉంటాయి. గడ్డం గీసినప్పుడు మెడ మీద కంటికి కనిపించని గాట్లు పడతాయి, వాటి మీద లోషన్ పడితే రసాయనం ఇంకా సులువుగా లోపలికి దిగుతుంది. కనీసం ఆరు వారాలు వీటన్నిటినీ ఆపండి. కొనేటప్పుడు ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అని రాసి ఉన్న సబ్బునే తీసుకోండి. అన్‌సెంటెడ్ అని ఉన్నవాటిలో అసలు వాసనను కప్పిపెట్టడానికి వేరే పరిమళం కలిపి ఉండవచ్చు.

మెడ నల్లబడటానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, వాటిని కొట్టిపారేయవద్దు. చర్మం మందంగా, వెల్వెట్ గుడ్డలా మారి, మెడ వెనుకా చంకల్లోనూ నలుపు ఉంటే, అది మధుమేహానికి ముందస్తు సూచన కావచ్చు. ఒకసారి రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. అంచు ఉబ్బి గుండ్రంగా వ్యాపిస్తుంటే తామర అని అనుమానించాలి. రోల్డ్‌గోల్డ్ గొలుసు వేసుకుంటున్నా, తలకు రంగు వేసుకుంటున్నా డాక్టరుకు తప్పక చెప్పండి.

మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమును ఈరోజే ఆపండి. రాస్తే తగ్గి, మానితే తిరగబెట్టడాన్నిబట్టి అందులో స్టెరాయిడ్ ఉందని అనుమానిస్తున్నాను. అటువంటి మందును డాక్టరు చూసి, ఎన్ని రోజులో చెప్పి ఇస్తే మేలు చేస్తుంది. అడ్డూ అదుపూ లేకుండా రాస్తే చర్మం పలచబడుతుంది, ఉన్నది తామరైతే మరింత ముదురుతుంది. నలుపు పోతుందని నిమ్మచెక్క రుద్దే అలవాటు మన ఇళ్లలో ఉంది. నిమ్మరసం మీద ఎండ పడితే బొబ్బలొచ్చి మచ్చలు ఇంకా ముదురుతాయి కాబట్టి దయచేసి ఆ పని చేయకండి. ప్రస్తుతానికి చల్లని నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. బయటికి వెళ్లేటప్పుడు మెడకు పలుచని నూలు కండువా చుట్టుకోండి.

ఆ తరువాత కడప రిమ్స్‌లో గానీ, దగ్గరలోని చర్మవైద్య నిపుణుల వద్ద గానీ చూపించుకోండి. అవసరమనిపిస్తే ప్యాచ్ టెస్ట్ చేస్తారు, లేదా అది చేసే చోటికి పంపుతారు. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజుల తరువాత ఒకసారి, మరో ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూసి, ఏ పదార్థం పడటం లేదో తేలుస్తారు. వెళ్లేటప్పుడు మీ పర్ఫ్యూమ్ సీసా, సబ్బు, పౌడరు, ఆ క్రీము ట్యూబు ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పేర్లు చెప్పడం కన్నా లేబుళ్లు చూపడం డాక్టరుకు ఎక్కువ ఉపయోగం.

అత్తరు సంగతి. కడపలో పెద్ద దర్గాకు వెళ్లొస్తూ చిన్న సీసా తెచ్చుకోవడం మన వాళ్లలో ఎందరికో ఇష్టం, ఆ ఇష్టాన్ని నేను తప్పుపట్టను. అత్తరులో ఆల్కహాల్ ఉండదు కాబట్టి మంట తక్కువగా ఉంటుంది. కానీ అది నూనె రూపంలో చర్మాన్ని అంటుకుని గంటల తరబడి ఉంటుంది, పూల నూనెల్లోనూ అలర్జీ కలిగించే పదార్థాలున్నాయి, పైగా చాలా సీసాల మీద లోపల ఏముందో రాసి ఉండదు. ఇప్పుడున్న మెడతో దానికి మారడం సరికాదు.

చర్మం పూర్తిగా మామూలయ్యాక మీరు జీవితాంతం పరిమళానికి దూరంగా ఉండాలని నేననడం లేదు; ఎదుటివారి గురించి ఆలోచించి తేలికైన వాసన ఎంచుకున్న మీ సంస్కారం మంచిదే. మీ డాక్టరు సరేనంటే, మోచేతి లోపలి వైపు ఐదు రూపాయల బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు చొప్పున ఒకటి రెండు వారాలు రాసి చూడండి. దురద గానీ పొక్కులు గానీ వస్తే ఆ సీసా ఇక మీది కాదు. ఏమీ రాకపోయినా మెడకు మాత్రం వద్దు. చొక్కా తొడగకముందే, జానెడు దూరం నుంచి, దాని మీద ఒక్కసారి కొట్టి, ఆరాక తొడుక్కోండి. కస్తూరి బట్టను అంటిపెట్టుకుంటుంది కాబట్టి సాయంత్రం దాకా అదే చాలు. మధ్యాహ్నం మళ్లీ కొట్టుకోవాలనిపిస్తే మీ ముక్కును కాక తోటి పనివారిని అడగండి.

మీ నాన్నగారి విషయంలో ఇంత వెసులుబాటు లేదు. ఉబ్బసం ఉన్నవారికి ఏ పరిమళపు తుంపరైనా, అది ఎంత తేలికపాటిదైనా, ఊపిరితిత్తుల గొట్టాలను రేపి దగ్గు, ఆయాసం తెప్పించవచ్చు. ఆయన పడుకునే గదిలో, తలుపులు మూసిన కారులో ఎప్పుడూ కొట్టవద్దు. మిద్దె మీదికో వాకిట్లోకో వెళ్లి కొట్టి, కాసేపు ఆగి లోపలికి రండి. అలా చేసినా మీరు దగ్గరికి రాగానే ఆయనకు దగ్గు మొదలవుతుంటే, ఇంట్లో ఉన్నంతసేపు పరిమళం తగలని చొక్కా వేసుకోండి, ఆయన ఇన్హేలర్‌ను చేతికందే చోట ఉంచండి.