అమెరికాలో బానిసలంటే పత్తి ఏరినవాళ్లేనా? చెరకు సంగతి ఎవరూ ఎత్తరేం?

"అమెరికాలో బానిసలు చేసిన పని పత్తి ఏరడమేనా, వేరే పనులు కూడా ఉండేవా?" అని అడిగారు. ఎందుకుండవు? పొగాకు, వరి, నీలిమందు, కమ్మరం, వడ్రంగం, వంట, దొరల పిల్లల్ని పెంచడం, అన్నీ వాళ్లే. నేను మాత్రం చెరకు గురించే రాస్తాను. మాది అనకాపల్లి దగ్గర చెరకు ఊరు, ఈ విషయంలో సినిమాలు చూసి మాట్లాడేవాళ్లకన్నా మా నాన్నకే ఎక్కువ తెలుసని నా గట్టి నమ్మకం.

ముందు లెక్క చూడండి. ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటించడానికి ఓడలెక్కించిన మనుషులు సుమారు కోటీ 25 లక్షలు, ప్రాణాలతో ఒడ్డు చేరింది కోటీ 7 లక్షల దాకా. అందులో ఇప్పటి అమెరికాకి నేరుగా వచ్చినవాళ్లు 4 లక్షల లోపే. ఒక్క బ్రెజిల్‌కే 50 లక్షలకి దగ్గర. మిగతావాళ్లలో ఎక్కువమంది జమైకా, బార్బడోస్, ఇప్పుడు హైతీ అంటున్న చోటు, ఇలా చెరకు వేసిన దీవులకే వెళ్లారు. పత్తి గింజ తీసే జిన్ 1793లో వచ్చింది, 1808 నుంచి బయట నుంచి బానిసల్ని దింపుకోవడాన్ని అమెరికా చట్టంతో నిషేధించింది. మధ్యలో మిగిలింది పదిహేనేళ్లు. ఆ తర్వాత పత్తి చేలకి తోలింది ఎక్కువగా వర్జీనియా, మేరీల్యాండ్ లాంటి చోట్ల పుట్టినవాళ్లని, అమ్మానాన్నల దగ్గర నుంచి విడదీసి దక్షిణానికి అమ్మేశారు. అది ఇంకో ఘోరం. కానీ ఓడల వ్యాపారం అంతకాలం నడిచిందంటే పంచదార పుణ్యమే, ఇందులో నాకు అనుమానం లేదు.

మా అమ్మానాన్నలు ఇక్కడికి, అమెరికాకి, వచ్చినప్పుడు హ్యూస్టన్ నుంచి లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ తీసుకెళ్లాం. ఊరు చేరేముందు మిసిసిపీ నది పక్కన పాత తోటల బంగళాలు వరసగా ఉంటాయి. పెద్ద పెద్ద స్తంభాలు, ఓక్ చెట్లు. మనవాళ్లు పట్టుచీరలు కట్టుకుని మరీ ఆ చెట్ల కింద ఫోటోలు దిగుతారు, చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక బంగళాలో గైడు మంచాల గురించి, పింగాణీ గురించి తెగ చెప్పింది. భోజనాల బల్ల మీద వేలాడే చెక్క పంకా కూడా చూపించింది. దొరలు తింటున్నంతసేపూ దాని తాడు లాగుతూ నిలబడేది బానిస పిల్లలే, ఆ ఊసే ఎత్తలేదు. టికెట్ డబ్బులు దండగ.

అక్కడి నుంచి విట్నీ ప్లాంటేషన్‌కి వెళ్లాం. అదీ ఒక పాత చెరకు తోటే, 2014 చివర్లో మ్యూజియంగా తెరిచారు, అక్కడ చెప్పేదంతా బానిసల వైపు నుంచే. ఆరుబయట పెద్ద పెద్ద ఇనప బానలు ఉన్నాయి. మా నాన్న అప్పటిదాకా ఎండ అని సణుగుతున్నవాడు వాటి దగ్గర ఆగిపోయాడు. అంచు మీద చెయ్యి వేసి, "బెల్లం వండేదే కదరా ఇది? మన పెనం వెడల్పు, ఇది లోతు. ఇందులోంచి రసం ఎలా తీసేవారు?" అన్నాడు. పెద్దది మొదలు చిన్నదాని దాకా నాలుగు బానలు ఒకే పొయ్యి మీద వరసగా ఉండేవని, చిక్కబడేకొద్దీ పొడుగు కాడ గరిటెలతో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తోడేవారని చెప్పాను. "కాగుతున్న రసాన్నా?" అన్నాడు. బెల్లం పాకం ఒంటిమీద పడితే ఎలా ఉంటుందో ఆయన మోచేతి మీద మచ్చకి తెలుసు. నీళ్లలా జారిపోదు, పట్టుకుని కాలుస్తుంది.

తర్వాత అడిగింది ఇంకా అసలైన ప్రశ్న: "రాత్రిళ్లు ఎవరు కూర్చునేవారు?" మాకు చెరకు ఆడటం సంక్రాంతి వెళ్లాక నిదానంగా ఉగాది దాకా సాగుతుంది. లూసియానాలో ఆ వీల్లేదు. గడ్డకట్టే చలి పడితే చేలో చెరకు పాడైపోతుంది, అందుకే అక్టోబర్ నుంచి సంవత్సరం చివరిదాకా గానుగ పగలూ రాత్రీ ఆగేది కాదు. రోజుకి పదహారు, పద్దెనిమిది గంటల పని. నిద్రమత్తులో రోలర్ల మధ్య చెయ్యి పడితే నరికేయడానికి కరీబియన్ తోటల్లో పక్కనే గొడ్డలి పెట్టుకునేవారు.

అన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించేది "వాళ్లది కండబలం, తెలివి దొరలది" అనే ధోరణి. పాకం ఏ క్షణంలో దించాలో తెలియాలంటే ఏళ్లు పడుతుంది. మా నాన్న రెండు వేళ్ల మధ్య తీగ లాగి చూస్తాడు, ఇప్పటికీ నాకు చేతకాదు. ఒక నిమిషం అటూ ఇటూ అయితే సరుకంతా పాడు. చాలా తోటల్లో ఆ నిర్ణయం బానిసదే, దొరకి తెలిసింది ధర ఒక్కటే. తిరగబడలేదా అని కూడా అడుగుతుంటారు. అదే నది ఒడ్డున 1811 జనవరిలో, గానుగ సీజన్ ముగిశాక, చార్లెస్ డెలాండ్ అనే బానిస నాయకత్వంలో వందల మంది చెరకు కత్తులు పట్టుకుని న్యూ ఆర్లీన్స్ వైపు నడిచారు. అణిచేశాక వాళ్ల తలల్ని నది కట్ట పొడుగునా గుంజలకి గుచ్చారు. విట్నీలో దానికి గుర్తుగా తలల బొమ్మలు పెట్టారు, మా అమ్మ అటు రానంది.

ఇంకో పేరు చెప్పాలి, నార్బర్ట్ రిలియూ. 1806లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు, తల్లి స్వేచ్ఛ ఉన్న నల్లజాతి స్త్రీ, తండ్రి తెల్లవాడు. పారిస్‌లో చదువుకుని, ఒక పాత్రలో పుట్టిన ఆవిరితోనే పక్క పాత్రలో రసం మరిగేలా యంత్రం చేసి 1843లో పేటెంట్ తీసుకున్నాడు. దాంతో గరిటెలతో తోడే పని పోయింది. లాభం మాత్రం బానిసల్ని పెట్టుకున్న దొరలకే వెళ్లింది లెండి. ఇప్పటికీ షుగర్ ఫ్యాక్టరీల్లో ఎవాపరేటర్లు, అంటే రసాన్ని చిక్కబరిచే పాత్రలు, నడిచేది ఆ పద్ధతిలోనే. మా తమ్ముడు వరసైనవాడు ఫ్యాక్టరీలో బాయిలింగ్ హౌస్‌లో ఏళ్ల తరబడి చేశాడు, ఫోన్ చేసి అడిగితే ఆ పేరే వినలేదన్నాడు.

పత్తి గురించి గుంటూరు వాళ్లెవరైనా రాయండి.