పుర్రె కనిపిస్తే చుట్టరికం కలిసినట్టేనా?

ప్రశ్న: సార్, ‘ప్రెడేటర్: బ్యాడ్‌ల్యాండ్స్’లో ఏలియన్ సినిమాల కథల్లో వచ్చే కంపెనీ వెయ్‌ల్యాండ్-యుటాని ఉంది కదా. మా రూమ్మేట్ అయితే ‘బ్లేడ్ రన్నర్’ కూడా అదే యూనివర్స్ అంటాడు. నిజమేనా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: ఏలియన్, ప్రెడేటర్ వరకు సరే, ఒప్పుకుంటా. బ్లేడ్ రన్నర్ మాత్రం కాదు, మీ వాడు ఎంత గొంతు చించుకున్నా కాదు.

ముందు పుర్రె సంగతి. 1990లో వచ్చిన ‘ప్రెడేటర్ 2’ చివర్లో హీరో డానీ గ్లోవర్ ఆ ప్రెడేటర్ అనే వేటగాడి అంతరిక్ష ఓడలోకి దిగుతాడు, అక్కడ గోడకు పుర్రెలు తగిలించి ఉంటాయి, వాటిలో పొడుగ్గా ఉండేది ఏలియన్‌ది. కథకు దాంతో పనే లేదు, ఫ్యాన్స్‌కు కన్నుకొట్టడం అంతే. అంతకుముందే, 1989లో, డార్క్ హార్స్ కామిక్స్ వాళ్లు ఈ రెండు జాతులకూ కొట్లాట పెట్టారు. రెండూ ఫాక్స్ స్టూడియో సొత్తే కాబట్టి 2004లో ఏకంగా ‘ఏలియన్ వర్సెస్ ప్రెడేటర్’ సినిమా కూడా వచ్చేసింది, అందులో కంపెనీ ఓనరు చార్లెస్ బిషప్ వెయ్‌ల్యాండ్. తమాషా ఏందంటే, 2012లో రిడ్లీ స్కాట్ ‘ప్రొమీథియస్’ తీసినప్పుడు ఆయన్ను లెక్కలోకే తీసుకోలేదు, పీటర్ వెయ్‌ల్యాండ్ అని ఇంకో పెద్దాయన్ను తెచ్చి కూర్చోబెట్టాడు. కలిపినవాటిని అంత సులువుగా విడదీయొచ్చు మరి! 2025 నాటి బ్యాడ్‌ల్యాండ్స్ అట్లా కాదు. నడుము కింది భాగం పోయిన సింథటిక్ అమ్మాయి, అంటే మరమనిషి, థియాను ప్రెడేటర్ కుర్రాడు వీపున మోసుకుంటూ తిరుగుతాడు, ఆ అమ్మాయి కంపెనీ సరుకు, ఆమెను తీసేస్తే అసలు కథే లేదు. దాన్ని కలవడం అంటారు.

ఇక బ్లేడ్ రన్నర్. మీ వాడి దగ్గర సాక్ష్యం లేకపోలేదు. 1979 ‘ఏలియన్’లో తప్పించుకునే ఓడ స్క్రీన్ మీద ‘పర్జ్’ అని ఒక డిస్‌ప్లే వస్తుంది, 1982 ‘బ్లేడ్ రన్నర్’లో ఎగిరే పోలీసు కారులో అచ్చంగా అదే. రెండింటికీ డైరెక్టర్ రిడ్లీ స్కాటే, ఉన్న గ్రాఫిక్స్‌నే మళ్లీ వాడుకున్నారు, ఇందులో రహస్యం ఏముంది? అసలు తేడా ఒంట్లోనే ఉంది. ఏలియన్‌లో మరమనిషి యాష్ తల ఊడితే పాల లాంటి ద్రవం కారుతుంది, బ్లేడ్ రన్నర్‌లోని రెప్లికెంట్లవి, అంటే తయారుచేసిన మనుషులవి, రక్తమాంసాలు, కంటి టెస్టు పెడితే గానీ మనిషో కాదో తేలదు. బ్లేడ్ రన్నర్ కథ జరిగే 2019కే అట్లాంటివాళ్లను తయారుచేసిన లోకం ఏలియన్ కథ జరిగే 2122 నాటికి పాలు కారే మరమనుషులకు దిగజారిందంటే నేను నమ్మను. పైగా ఏలియన్, ప్రెడేటర్ 2019 నుంచి డిస్నీ చేతిలో ఉన్నాయి, బ్లేడ్ రన్నర్ ఆల్కాన్ అనే వేరే నిర్మాణ సంస్థ వాళ్లది.

మన కర్నూలు లెక్కలో చూడండి. ‘ఒక్కడు’లో కొండారెడ్డి బురుజు, ‘సరిలేరు నీకెవ్వరు’లోనూ బురుజే. రెండింటిలో మహేశ్ బాబే, రెండింటిలో పేరు అజయే, ఎదురుగా ప్రకాశ్ రాజే! అయినా కబడ్డీ అజయ్‌, మిలిటరీ అజయ్‌ ఒకరేనని ఎవరైనా అంటారా? బురుజు కనిపించగానే విజిల్ వేస్తాం, అంతవరకే. అదే కార్తి ‘ఖైదీ’లోని పోలీసు బిజోయ్ కమల్ హాసన్ ‘విక్రమ్’లోకి వచ్చినప్పుడు అదే మనిషిగా, అదే గతంతో వచ్చాడు. తేడా తెలుస్తోంది కదా? ఇది చెప్పి చూడండి, అయినా వినకపోతే మీ రూమ్మేట్‌కు టీ తాగించి వదిలేయండి.

ప్రశ్న: ‘ఆదిత్య 369’లో 2504వ సంవత్సరం, ‘కల్కి’లో 2898. ఈ రెండూ కలుస్తాయా అండీ?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: లేదమ్మా. 1991లో ఆదిత్య 369 తీసిన సింగీతం శ్రీనివాసరావుగారే కల్కి స్క్రిప్టుకు సలహాలిచ్చారు, అంతవరకు నిజం. కానీ నాగ్ అశ్విన్ కథ మహాభారతం నుంచి, అశ్వత్థామ నుంచి మొదలవుతుంది, టైమ్ మెషీన్ ఊసే ఉండదు. ఆ మెషీన్ ఒకసారి కల్కి కాశీలో దిగితే మాత్రం మొదటి రోజు మొదటి ఆటకు నేను రెడీ.