పాపం చేసిన ప్రతిసారీ రక్షణ పోయిందనిపిస్తుంటే

పాపంలో పడిపోయిన ప్రతిసారీ రక్షణ ప్రార్థన (యేసును రక్షకుడిగా అంగీకరిస్తూ చేసే ప్రార్థన) మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నానని మీరన్నారు. మీరు క్రీస్తు వైపు చూడడం మాని మీ మనసు ఎలా ఉందో చూసుకుంటున్నారు, టెన్షన్ అక్కడిదే.

1. 1 యోహాను 5:13 చదవండి. విశ్వసించినవాళ్ళు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవాలనే యోహాను అది రాశాడు.

2. చాలామంది వదిలేసేది ఇదే: నిర్గమకాండం 12:13. పెద్దకొడుకుల మీదికి సంహారం వచ్చిన ఆ రాత్రి ఐగుప్తులో దేవుడు చూసింది ఇశ్రాయేలీయులు గుమ్మానికి పూసిన గొర్రెపిల్ల రక్తాన్ని. లోపల పెద్దకొడుకు ధైర్యంగా ఉన్నా, గజగజ వణుకుతున్నా సంహారం ఆ ఇంటిని దాటిపోయింది. అలాగే మీ రక్షణ నిలిచేది మీ ధైర్యం మీద కాదు, క్రీస్తు రక్తం మీద. దయచేసి ఇక్కడ కాసేపు ఆగండి.

3. పాపం చేస్తే దాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి (1 యోహాను 1:9). తప్పు చేసిన బిడ్డ తండ్రిని క్షమించమంటాడు, మళ్ళీ పుట్టనక్కర్లేదు.

రాత్రిళ్ళు భయమేస్తే రోమా 8:31-39 గట్టిగా, మీ చెవులకు వినబడేలా చదవండి.