చారానా మీది ఖడ్గమృగం లక్షలు తెస్తుందా?

ప్రశ్న: మా తాత ఇనుప సందూకలో ఖడ్గమృగం బొమ్మ ఉన్న చారానాలు (25 పైసల బిళ్లలు) నలభై దాకా దొరికాయి. ఇవి అంతరించిపోతున్న జంతువుల స్మారక నాణేలనీ, ఒక్కొక్కటి లక్ష పలుకుతుందనీ ఫోనులో ప్రకటన చూసి, మా తమ్ముడు రిజిస్ట్రేషన్ రుసుముగా రెండు వేలు కట్టబోతున్నాడు. కట్టవచ్చా? మన అమ్రాబాద్ పులికి అలాంటి నాణెం ఉన్నదా?
– ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: ముందు మీ తమ్ముడిని ఆపండి. పాత నాణేలు, నోట్ల కొనుగోలు పేరిట తన పేరు, చిహ్నం వాడుకొని రుసుములు, కమీషన్లు అడిగేవారిని నమ్మవద్దని, ఆ వ్యవహారాలతో తనకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. కొనేవాడు డబ్బు ఇస్తాడు గాని, అమ్మేవారిని అడగడు.

మీ దగ్గర ఉన్నవి స్మారక నాణేలు కావు. 1988 నుంచి ఏళ్ల తరబడి రోజువారీ చెలామణి కోసం విస్తారంగా ముద్రించిన స్టెయిన్‌లెస్ స్టీలు నాణేలు అవి. 2011 జూన్ 30తో వాటి చెలామణి ముగిసింది. ఇంటింటా దొరికే నాణేనికి సేకరణదారులు లక్షలు పెట్టరు. అయినా ఆ చారానా అంటే నాకు గౌరవం. ఖడ్గమృగాలు తిరిగే అస్సాం అడవి కజిరంగాను ఎన్నడూ చూడని పల్లె పిల్లలు పిప్పరమెంటు కోసం దుకాణం బల్ల మీద దాన్ని పెట్టేటప్పుడు, ఆ ఒంటికొమ్ము, మడతలు పడ్డ ఆ తోలు వారి వేళ్లకు తగిలేవి.

పెద్దపులికి మాత్రం నిజమైన స్మారక నాణెమే ఉన్నది. 1973లో మొదలైన ప్రాజెక్ట్ టైగర్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, 2023 ఏప్రిల్ 9న మైసూరులో ప్రధానమంత్రి 50 రూపాయల నాణెం విడుదల చేశారు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో 2,611 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న మన అమ్రాబాద్ పులుల అభయారణ్యం కూడా ఆ ప్రాజెక్టులోనిదే. అయితే ఇటువంటి నాణేలు కిరాణా కొట్టు చిల్లరలో రావు. ప్రభుత్వ టంకశాలలు వాటిని ప్యాకెట్లలో, ముఖవిలువకు మించిన ధరకు అమ్ముతాయి. మన్ననూరు చెంచు పిల్లల చేతికి వారి అడవి పులి నాణెం చేరకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. జంతువుల బొమ్మలు రూపాయి, రెండు రూపాయల బిళ్లల మీదనే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఆ చారానాలను చింతపండుతో తోమవద్దు. గీతలు పడిన నాణేన్ని సేకరణదారులు పక్కన పెడతారు. సంవత్సరం అంకె కింద పరిశీలనగా చూడండి. అక్కడ చిన్న నక్షత్రం ఉంటే, ఆ ఖడ్గమృగం మన హైదరాబాద్ టంకశాలలో పుట్టినదే.