పాత 4×5 చెక్క కెమెరాకి ఏ లెన్స్ కొనాలి, బోర్డుకి ఎలా బిగించాలి?

మీ కెమెరా 4×5 అంగుళాల ఫిల్మ్ వాడే మడిచే రకం, లెన్స్ లేదు, లెన్స్ బిగించే బోర్డు ఖాళీ. షట్టర్ లేని పాత ఇత్తడి లెన్స్ ఒకటి, కోపాల్ 1 (కోపాల్ షట్టర్లలో ఒక సైజు) షట్టర్‌లో ఉన్న 210 మి.మీ. ఎఫ్/5.6 ఒకటి చూశారు, ఏది కొనాలని అడిగారు. ఏదీ కొనకముందు స్కేలు తీసి కెమెరాని కొలవండి. బెలోస్ (మధ్యలోని ముడతల గొట్టం) పూర్తిగా సాగదీస్తే బోర్డు నుంచి గ్రౌండ్ గ్లాస్ (వెనక బొమ్మ కనిపించే గరుకు గాజు) దాకా ఎంత ఉంది? పూర్తిగా మూస్తే ఎంత? బోర్డు వెనక ఫ్రేములో ఉన్న రంధ్రం ఎంత వెడల్పు?

మామూలు లెన్స్‌కి దూరపు దృశ్యం ఫోకస్ కావాలంటే దాదాపు దాని ఫోకల్ లెంగ్త్ (లెన్స్ పేరులోని 210 లాంటి మి.మీ. అంకె) అంత బెలోస్ కావాలి. వస్తువు అసలు సైజులో ఫిల్మ్ మీద పడాలంటే దానికి రెండింతలు. బెలోస్ 300 మి.మీ. సాగితే 210 హాయిగా పనిచేస్తుంది. అదే కెమెరాకి 300 లెన్స్ పెడితే దూరపు కొండలు తప్ప దగ్గరున్నదేదీ ఫోకస్ కాదు. 90 లాంటి వైడ్ లెన్స్‌తో ఇబ్బంది వేరు: బెలోస్ ముడతలు ఒకదానికొకటి ఒత్తుకుని రైజ్ (లెన్స్‌ని పైకి జరపడం) చేయనివ్వవు, కెమెరా కింది పలక బొమ్మలోకి వస్తుంది.

తర్వాత చూడాల్సింది ఇమేజ్ సర్కిల్, అంటే లెన్స్ వేసే గుండ్రటి బొమ్మ వెడల్పు. 4×5 ఫిల్మ్ మీద బొమ్మ పడే చోటు సుమారు 96×120 మి.మీ., దాని మూల నుంచి మూలకి 153. ష్నైడర్ సిమ్మార్-ఎస్ 150 లెన్స్ ఎఫ్/22 దగ్గర 210 మి.మీ. సర్కిల్ ఇస్తుంది. అంటే ఫిల్మ్ అడ్డంగా పెట్టినప్పుడు సుమారు 38 మి.మీ. రైజ్ చేయొచ్చు. పాత 150 ఎఫ్/4.5 టెస్సార్ రకం లెన్సులు మూలల్ని ఎలాగో అందుకుంటాయి గానీ రైజ్‌కి, షిఫ్ట్‌కి (పక్కకి జరపడానికి) దాదాపు ఏమీ మిగల్చవు. గ్రౌండ్ గ్లాస్ మూలలు కోసి ఉంటే ఆ సందులోంచి లెన్స్ వైపు చూడండి. అపర్చర్ రంధ్రం నిండుగా కనిపించాలి. నిమ్మకాయలా నొక్కుకుపోయి కనిపిస్తే ఆ మూల నల్లబడుతుంది.

నేనైతే 210నే తీసుకుంటాను, బెలోస్ కనీసం 300 సాగితేనే. అంత సాగకపోయినా, లెన్స్ ఉండే ముందు ఫ్రేము వదులుగా ఊగుతున్నా, కోపాల్ 0లో వచ్చే 150 ఎఫ్/5.6 తేలిక కాబట్టి అది మేలు. ఇత్తడి లెన్స్ అందం వేరే, కాదనను. కానీ మూత తీసి పెట్టడమే షట్టర్. ఎండలో ఐఎస్‌ఓ 100 ఫిల్మ్‌కి ఎఫ్/32 దగ్గర 1/25 సెకను కావాలి, అది చేత్తో సాధ్యం కాదు. ఫిల్మ్‌కి బదులు ఫోటో పేపర్ పెట్టే, ఐఎస్‌ఓ 6 చొప్పున లెక్కేసే పేపర్ నెగెటివ్ అయితే ఎఫ్/45 దగ్గర సెకను పైన వస్తుంది, అప్పుడు కుదురుతుంది. ఫ్లాంజ్ (లెన్స్‌ని బోర్డుకి పట్టే మర ఉన్న రింగు) లేకుండా ఆ లెన్స్ కొనకండి. పాత మరలు ఒక్కో తయారీదారువి ఒక్కో కొలత. ఫ్లాంజ్ లేదంటే లేత్ మీద కొత్తది తీయించాల్సిందే.

కొనేటప్పుడు లెన్స్ వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. సన్నని దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్. అంచున ఇంద్రధనుస్సు రంగులుంటే అతికించిన గాజులు విడిపోతున్నట్టు. ష్నైడర్ లెన్సుల లోపలి అంచున తెల్లటి చుక్కలు రంగు ఊడినవి, వాటితో బొమ్మకి హాని లేదు. షట్టర్‌ని 1 సెకను, 1/2, 1/4 మీద నొక్కి వినండి. నూనె ఎండిపోతే ముందు తడబడేది ఈ స్పీడులే. పాత కాంపూర్ షట్టర్ అయితే అన్నిటికన్నా ఎక్కువ స్పీడుని షట్టర్ కాక్ చేయకముందే (స్ప్రింగ్ బిగించకముందే) పెట్టాలి, తర్వాత బలవంతంగా తిప్పితే లోపల దెబ్బతింటుంది.

బోర్డు రంధ్రం కోపాల్ 0కి 34.6 మి.మీ., కోపాల్ 1కి 41.6, కోపాల్ 3కి 65. కాస్త చిన్నగా కోసి ఆకురాయితో పెంచుకోండి, ఎక్కువైతే వెనక్కి రాదు. షట్టర్ వెనక మర పొట్టిది, అందుకే చెక్క బోర్డు మందంగా ఉంటే వెనక నుంచి బిగించే రింగుకి మర అందదు. రంధ్రం చుట్టూ వెనక వైపు నుంచి రింగు, స్పానర్ పట్టేంత వెడల్పున గాడి తీసి, 2–3 మి.మీ. మందమే మిగల్చండి. కోసిన అంచులకి మెరుపులేని నల్ల రంగు వేయండి.

బిగించేటప్పుడు షట్టర్ నుంచి వెనక గాజు భాగం విప్పి, షట్టర్‌ని ముందు నుంచి రంధ్రంలో పెట్టి, వెనక రింగు తిప్పి లెన్స్ స్పానర్‌తో బిగించి, గాజు భాగాన్ని తిరిగి ఎక్కించాలి. షట్టర్ వెనక ఒక చిన్న స్క్రూ పొడుచుకుని ఉంటుంది. అది షట్టర్ తిరిగిపోకుండా ఆపడానికి. దానికి బోర్డులో చిన్న గాడి కోయండి, లేదంటే స్క్రూ తీసేయండి. అలాగే వదిలేస్తే షట్టర్ బోర్డుకి ఆనక లెన్స్ వంకరగా కూర్చుంటుంది. గాజు భాగాలకీ షట్టర్‌కీ మధ్య పలుచని ఇత్తడి రింగులు కనిపిస్తే పారేయకండి. ముందు, వెనక గాజుల మధ్య దూరం వాటితోనే సరిపోతుంది, అది మారితే పదును పోతుంది. వెనక గాజు భాగం ఫ్రేము రంధ్రంలో దూరుతుందో లేదో కొనకముందే కాలిపర్‌తో చూసుకోవాలి.

బిగించాక చీకటి గదిలో షట్టర్ మూసి, వెనక గుడ్డ కప్పుకుని లోపలికి చూస్తూ, ఎవరినైనా బయట బోర్డు చుట్టూ టార్చ్ తిప్పమనండి. ఎక్కడ వెలుతురు చొరబడినా నల్ల ఫెల్ట్ అతికించండి.

దగ్గరి ఫోటోలకి ఎక్స్‌పోజర్ పెంచడం మరవకండి: బెలోస్ పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి వర్గం చేయండి. 210ని 300 దాకా సాగదీస్తే దాదాపు 2 రెట్లు, అంటే ఒక స్టాప్.

గ్రౌండ్ గ్లాస్ మీద పదునుగా ఉండి ఫిల్మ్ మీద మసకగా వస్తే లెన్స్‌ని నిందించకముందు కెమెరా వెనక భాగం కొలవండి. 4×5 హోల్డర్‌లో ఫిల్మ్ కూర్చునే లోతు 0.197 అంగుళం, అంటే 5 మి.మీ. గ్రౌండ్ గ్లాస్ గరుకు వైపు కూడా అంతే లోతులో, లెన్స్ వైపు తిరిగి ఉండాలి. పాత కెమెరాల్లో దాన్ని తిరగేసి పెట్టేసినవీ, తర్వాతెవరో గ్లాస్ ముందు ఫ్రెనెల్ (బొమ్మ వెలుగుగా కనిపించడానికి పెట్టే గీతల పలక) చేర్చి లెక్క సరిచేయకుండా వదిలేసినవీ తరచు కనిపిస్తాయి.